సీబా తెచ్చిన వార్త



వృద్ధులైన మన సంఘస్థులు ఫోనులో చూచు సంగతులకును వారి రాజకీయాభిప్రాయములకును గల సంబంధమును గూర్చి ఈ నెల ఆలోచింపగోరుచున్నాము. ఇది ఆత్మసంబంధమైన విషయము కాదని కొందరు తలంపవచ్చును. అయితే మేము దర్శించు గృహములలో తండ్రియు కుమారుడును ఒకరితో నొకరు మాటలాడకుండుటకు కారణమేమని అడిగినప్పుడు, ఇదివరకు పొలము గట్టు అనియో, ఇంటి పాలు అనియో చెప్పెడివారు. ఇప్పుడు ఫోనులో వచ్చిన మాట అని చెప్పుచున్నారు. తండ్రి ఒక పార్టీ, కుమారుడు వేరొక పార్టీ అగుట పూర్వమునుండి ఉన్నదే. కాని పూర్వము తండ్రి తన మాటను రచ్చకట్టమీద పదిమంది యెదుట చెప్పెడివాడు. ఆ పదిమందిలో ఒకడైనను, "నీవు చూచితివా?" అని అడిగెడివాడు. ఇప్పుడు అదే మాటను తెల్లవారకముందే మంచముమీదనుండి నూటయేబదిమందికి పంపుచున్నాడు. అడుగువాడెవడును లేడు.

మా పల్లెలు మెదకు వైపున ఉన్నవి. మా వృద్ధులలో చాలమంది సంవత్సరమునకు నాలుగైదు నెలలు సికింద్రాబాదులో పిల్లలయొద్ద గడుపుదురు. అల్వాలు, బొల్లారము, లోతుకుంట, మల్కాజిగిరి అను పేర్లు మన పల్లెలలో ఇప్పుడు పొరుగూళ్ల పేర్లవలె వినబడుచున్నవి. జూబ్లీ బస్ స్టేషనులో దిగిన ముసలివాని సంచిలో కందిపప్పు, పచ్చడి జాడీ, బైబిలు ఉండును. నాలుగు దినములు మనుమలతో సంతోషముగా గడచును. తరువాత కొడుకును కోడలును ఉదయముననే పనికి పోవుదురు, పిల్లలు బడికి పోవుదురు, మూడవ అంతస్తులోని గదిలో ఆయన యొక్కడే మిగులును. అక్కడ అరుగు లేదు. వేపచెట్టు లేదు. ఎదురింటి తలుపువెనుక నున్నవారి పేరైనను తెలియదు. చేతిలో ఫోను మాత్రము కలదు. ఆ ఫోను ఆయనను పేరుపెట్టి పిలిచినట్లే మ్రోగును. ఆ గదిలో కూర్చుండి చూచినవారెవరును ఆ ముసలివానిని తప్పుపట్టుటకు తొందరపడరు.

ఈ ఫోను వారి చేతికి ఎట్లు వచ్చినది? 2016 సెప్టెంబరులో జియో సంస్థవారు మొదట ఉచితముగాను, పిమ్మట చవుకగాను ఇంటర్నెట్టును ఇయ్యగా పల్లె పల్లెకు అది చేరెను. దూరదేశమందున్న మనుమరాలి ముఖము చూచుటకు తాతలు ఫోను పట్టిరి. 2020 మార్చిలో కరోనా వలన మందిరముల తలుపులు మూయబడినప్పుడు ఆదివారపు ఆరాధన యూట్యూబులోనికి వచ్చెను. అక్షరములు కూడబలుకుకొని చదువు అవ్వలుకూడ అప్పుడే ఆ ఎఱ్ఱ గుర్తును నొక్కుట నేర్చుకొనిరి. మంచము పట్టినవారు నేటికిని దానివలననే వాక్యము వినుచున్నారు. కాబట్టి ఫోనును సాతాను పెట్టె యనువారితో మేము ఏకీభవింపలేము. (రేడియోను గూర్చియు మన పూర్వికులలో కొందరు ఆ మాటయే అనిరి. తరువాత వారే క్రైస్తవ రేడియో కార్యక్రమములకు కార్డుముక్కలు వ్రాసిరి.)

అయితే ఆ యంత్రము పని చేయు విధమును వృద్ధులకు ఎవరును చెప్పలేదు. ఊరి దుకాణదారుడు మీరు నిన్న ఏమి కొంటిరో గుర్తుంచుకొని నేడు దానినే ముందు పెట్టును గదా. యూట్యూబును, ఫేసుబుక్కును అట్టివే. ఒక కీర్తన చివరివరకు విన్నవానికి మరి నాలుగు కీర్తనలు చూపును. ఒక నాయకుని దూషించు మాటలు చివరివరకు విన్నవానికి మరి నాలుగు దూషణలు చూపును. నెల తిరుగునప్పటికి, "దేశమంతయు ఇదే మాట చెప్పుచున్నది" అని ఆ పెద్దాయన నమ్మును. దేశము చెప్పుట లేదు. ఆయన నిన్న విన్నదానిని ఫోను నేడు మరల ఆయనకే వినిపించుచున్నది. సామెతల గ్రంథము 18వ అధ్యాయము 17వ వచనములో, వ్యాజ్యెములో మొదట మాటలాడినవాడు న్యాయవంతుడుగా కనబడుననియు, పొరుగువాడు వచ్చి ప్రశ్నించినప్పుడు సంగతి తేలుననియు ఉన్నది. ఫోనులో పొరుగువాడు రాడు. మొదటివాడే మరల మరల వచ్చును.

ఇక పిల్లల మాట వినుడి. "మా నాయన మంచివాడే అయ్యగారూ, ఈ ఫోను పట్టినప్పటినుండియే పాడైపోయినాడు" అని సికింద్రాబాదులో ఒక కుమారుడు మాతో అనెను. ఇట్లు అనువారు అనేకులు. ఈ మాట సగము మాత్రమే నిజమని మా అభిప్రాయము. అమెరికాలో లెవి బాక్సెల్, మాథ్యూ జెంట్స్కో, జెస్సీ షపీరో అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ఒక పరిశోధన ప్రచురించిరి. తమ పార్టీ కానివారిని ద్వేషించుట, కఠినమైన పక్షపాతము, ఇట్టివి ఏ వయస్సువారిలో ఎక్కువగా పెరిగినవని వారు లెక్కించిరి. ఇంటర్నెట్టును మిక్కిలి వాడు పడుచువారిలో కాదు, దానిని మిక్కిలి తక్కువగా వాడువారిలో, అనగా అరువది యైదేండ్లు దాటినవారిలోనే ఎక్కువగా పెరిగినట్లు కనబడెను. ఆ దేశము వేరు, మన దేశము వేరు. అయినను ఆ లెక్క మనలను ఒక ప్రశ్న అడుగుచున్నది. ముసలితనములోని కాఠిన్యమంతయు ఫోనునుండియే వచ్చినదా, లేక అంతకుముందే లోపల ఉన్నదా?

మన పెద్దల జీవితమును చూడుడి. ఇప్పుడు డెబ్బది యైదేండ్ల ప్రాయమునకు వచ్చినవారు 1969లో తెలంగాణ ఉద్యమము లేచినప్పుడు యౌవనస్థులు. ఆ ఉద్యమములో ప్రాణములు విడిచినవారి స్మారకము సికింద్రాబాదు క్లాక్ టవరు యొద్ద ఉన్నది. దానిని చూచినప్పుడు నేటికిని గొంతు మారు పెద్దలను మేము ఎరుగుదుము. 1975 జూన్‌లో వచ్చిన ఎమర్జెన్సీ వారికి గుర్తు. 1983 జనవరిలో రామారావుగారు ముఖ్యమంత్రియై రెండు రూపాయలకు కిలో బియ్యము ఇచ్చుట వారికి గుర్తు. ఇరువదియేండ్ల వయస్సులో ఎవరు మన గుడిసెకు వచ్చిరి, ఎవరు మనలను గుమ్మమునొద్ద నిలిపిరి, ఎవరివలన పట్టా వచ్చెను, ఎవరివలన పోయెను అను సంగతులు మనుష్యుని రాజకీయములో వేరువంటివి. తరువాత 2004లో టీవీ9 మొదలై దినమంతయు వార్తలు అరచుట ఇంటిలోనికి వచ్చెను. ఫోను అన్నిటికంటె వెనుక వచ్చినది. అది ఆ పాత వేరునకు నీరు పోయుచున్నది. కొన్ని దినములు మురుగునీరు పోయుచున్నది. అయితే వేరును అది నాటలేదు. తండ్రి అభిప్రాయమును ఫోను రోగమని కుమారుడు తీసివేయునప్పుడు, తండ్రి బ్రదికిన దినములనుకూడ తీసివేయుచున్నాడు. తండ్రికి కోపము వచ్చుట అందుకే.

కాబట్టి అభిప్రాయము వేరు, వార్తను మోయుట వేరు అని మేము చెప్పుచున్నాము. పెద్దవాడు ఏ పార్టీని అభిమానించవలెనో చెప్పుట కాపరి పని కాదు. పెద్దవాడు తాను చూడనిదానికి సాక్షి కావచ్చునా అనుట మాత్రము కాపరి అడుగవలసిన ప్రశ్నయే.

ఈ రెండవదానిలో వయస్సునకు సంబంధమున్నట్లే కనబడుచున్నది. 2016 అమెరికా ఎన్నికల కాలమున ఫేసుబుక్కులో అబద్ధపు వార్తలను ఎవరు పంచిరని పరిశీలించి, ఆండ్రూ గెస్, జోనాథన్ నేగ్లర్, జాషువా టక్కర్ అనువారు 2019లో ప్రచురించిరి. పడుచువారికంటె అరువది యైదు దాటినవారు దాదాపు ఏడంతలు ఎక్కువగా అట్టివి పంచిరట. అయితే మొత్తము జనులలో నూటికి తొంబదిమందికి పైగా ఒక్కటియు పంచలేదు. ఈ రెండవ మాటను చాలమంది విడిచిపెట్టుదురు. మన సంఘములలోను అంతే. నూరుమంది వృద్ధులలో ప్రతిదినము పంపువారు పదిమందికి మించరు. కాని ఆ పదిమంది ఎవరు? సంఘ పెద్ద, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడు, స్త్రీల సమాజపు అధ్యక్షురాలు, రైల్వేలో గార్డుగా పని చేసి ఊరికి తిరిగివచ్చినవాడు. అనగా ఊరు నమ్మువారు. వార్త కావలసినవాడు పూర్వము వారియొద్దకే పోయెడివాడు. ఇప్పుడెవడును పోవుట లేదు గనుక వారే వార్తను పంపుచున్నారు. ఇది గర్వము అని కొందరందురు. ఇంకను మనకు పని యున్నదని చూపుకొను ఆశయే ఇందులో ఎక్కువ అని మాకు తోచుచున్నది.

మనకు బాగుగా తెలిసిన ఒక వార్తనే తీసికొందము. పదేండ్లకు పైగా ఈ వార్త లోకములోని క్రైస్తవుల ఫోనులలో తిరుగుచున్నది. మాకును ఇంగ్లీషులోను, తెలుగులోను వచ్చెను. దాని సారాంశమేమనగా, ఇండియాలో బౌద్ధ తీవ్రవాదులు నిన్న రాత్రి ఇరువది మందిరములు కాల్చివేసిరి, నేటి రాత్రి ఒలిసబాంగ్ అను రాష్ట్రములో రెండువందల మందిరములు కాల్చనున్నారు, ఇరువదినాలుగు గంటలలో రెండువందలమంది మిషనరీలను చంపనున్నారు, వెంటనే ప్రార్థించి అందరికి పంపుడి అని. దీనిని చదివి కన్నీరు కార్చి మోకాళ్లూనిన తల్లులను మేము ఎరుగుదుము. ఇప్పుడు నెమ్మదిగా ఆలోచింపుడి. ఒలిసబాంగ్ అను రాష్ట్రము ఇండియాలో ఎక్కడ ఉన్నది? బడికి పోవు మీ మనుమనిని పటము తెచ్చి చూపుమనుడి. అట్టి రాష్ట్రము లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో బౌద్ధులు నూటికి ఒక్కరైనను లేరు. "నిన్న రాత్రి" అని ఉన్నది గాని తేదీ లేదు. అందుచేత అది ప్రతి సంవత్సరమును నిన్న రాత్రియే అగుచున్నది.

"అయ్యగారూ, అబద్ధమైతే ఏమి, ప్రార్థన వ్యర్థము కాదు గదా?" అని ఒక అవ్వ మమ్మును అడిగెను. ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. దేవుడు ఆమె కన్నీటిని త్రోసివేయునని మేము అనము. కాని ప్రార్థన ముగిసి లేచినప్పుడు ఆమెలో మిగిలినదేమి? భయము. ఆ భయము ఒలిసబాంగుకు పోలేదు, పక్క వీధికి పోయెను. వేరొక దేవునికి మ్రొక్కు పొరుగింటివాడు మరునాడు చేద తీసికొనుటకు వచ్చినప్పుడు ఆమె అతనిని ముందువలె చూడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ భయమే ఆమెతోకూడ బూతుకు పోవును. జరుగనిదానికొరకు చేసిన ప్రార్థన జరిగినదానివలెనే మనస్సులో నిలిచిపోయెను.

ఇంకొక నష్టము కలదు. 2008 ఆగస్టులో ఒడిశాలోని కంధమాల్‌లో క్రైస్తవుల ఇండ్లు వేలకొలది కాలినవి, మనుష్యులు చంపబడిరి, వేలాదిమంది అడవులలోను, శిబిరములలోను దాగిరి. అది నిజము. 2023 మే నెలనుండి మణిపూరులో జరిగిన హింసలో అనేక మందిరములు కాలినవి. అదియు నిజము. మణిపూరు కొరకు ఉపవాస ప్రార్థన పెట్టినప్పుడు ఒక యౌవనస్థుడు, "ఇదికూడ ఆ ఒలిసబాంగువంటిదేనా?" అని నవ్వుచు అడిగెను. మాకు నవ్వు రాలేదు. నిజముగా కాలిన ఇంటివాని ఏడ్పును ఎవరును నమ్మకుండునట్లు చేసినవారెవరు? బౌద్ధులు కారు, హిందువులు కారు. లేని రాష్ట్రములోని మందిరములకొరకు కేక వేసినవారు.

లేఖనములలో ఈ సంగతికి దగ్గరగా నున్న చరిత్ర ఒకటి కలదు. రెండవ సమూయేలు గ్రంథము 16వ అధ్యాయము తెరచి మీరే చదువుడి. అబ్షాలోము తిరుగబడగా దావీదు యెరూషలేము విడిచి ఒలీవ కొండ దాటి పోవుచున్నాడు. అప్పటికి ఆయన పడుచువాడు కాడు. కన్న కొడుకే శత్రువైనాడు. అలసియున్నాడు, ఆకలిగొన్నాడు, ఎవరు తనవారో ఎవరు కారో తెలియని స్థితిలో నున్నాడు. అప్పుడు సీబా ఎదురుగా వచ్చెను. వట్టి చేతులతో రాలేదు. రెండు గాడిదలమీద రెండువందల రొట్టెలు, నూరు ఎండుద్రాక్ష గుత్తులు, నూరు వేసవి పండ్లు, ఒక తిత్తి ద్రాక్షారసము తెచ్చెను. ఆ తరువాత వార్త చెప్పెను. నీ బల్లయొద్ద భోజనము చేసిన మెఫీబోషెతు నీకు ద్రోహియై, రాజ్యము తనకు వచ్చునని యెరూషలేములో నిలిచియున్నాడని. దావీదు ఒక్క ప్రశ్నయైనను వేయలేదు. మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివి, వాడు రాజ్యము ఎట్లు తీసికొనగలడని ఆలోచింపలేదు. ఆ క్షణముననే మెఫీబోషెతు ఆస్తినంతయు సీబాకు ఇచ్చివేసెను.

ప్రియులారా, ఫోనులోని వార్తయు వట్టి చేతులతో రాదు. ఉదయముననే ఒక గులాబి పువ్వు, దానిక్రింద ఒక వాక్యము, "శుభోదయము" అను మాట, మోకాళ్ల నొప్పికి మందు, ఒక పాత కీర్తన. ఇవి రొట్టెలును, ఎండుద్రాక్షలును. వీటిని పంపినచేయియే సాయంకాలమున, ఫలాని కులమువారు నీ రిజర్వేషను తీసికొనిపోవుచున్నారు, ఫలాని పార్టీ గెలిచిన నీ పింఛను ఆగిపోవును, ఫలాని మతమువారు నీ పిల్లలను ఎత్తుకొనిపోవుదురు అని పంపును. ఉదయము రొట్టె తిన్నవాడు సాయంకాలము ప్రశ్న అడుగుటకు సిగ్గుపడును. దావీదువంటి జ్ఞానియే అడుగలేదు. మూడవ అంతస్తులోని మన ముసలివాడు అడుగలేదని ఆశ్చర్యపడనేల?

ఆ చరిత్ర 19వ అధ్యాయములో ముగియుచున్నది. దావీదు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదురు వచ్చెను. రాజు వెళ్లిన దినము మొదలుకొని కాళ్లు బాగుచేసికొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. తన దాసుడే తనను మోసపుచ్చెనని చెప్పెను. అప్పుడైనను దావీదు పూర్తిగా విచారించెనా? లేదు. ఇక మాటలెందుకు, భూమిని ఇద్దరును పంచుకొనుడని తీర్పు చెప్పెను. దీనిని మెచ్చుకొను బోధకులున్నారు. మాకు మాత్రము ఇది అలసిన రాజు చెప్పిన అలసిన తీర్పుగానే కనబడుచున్నది. అబద్ధము ఒకసారి రాజముద్ర వేయించుకొనిన తరువాత నిజమునకు సగము భూమియే దక్కెను.

అబద్ధపు వార్త ఎంతవరకు పోవునో 2018లో మన ప్రాంతములోనే చూచితిమి. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చియున్నవను వీడియోలు వేసవిలో తెలంగాణ గ్రామములలో తిరిగెను. మే నెలలో హైదరాబాదు చంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని జనులు గుంపుకూడి కొట్టి చంపిరి. జూలై 13వ తేదీన హైదరాబాదునుండి బీదరు జిల్లాకు పోయిన స్నేహితులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చిరి. వారి కారుకంటె ముందుగా వారిని గూర్చిన మాట వాట్సాపులో ముర్కి గ్రామమునకు చేరెను. అక్కడి జనులు కారును ఆపి, వారిలో ఒకనిని చంపిరి. ఆ గుంపులోని వారు పడుచువారే కావచ్చును. కాని ఆ మాట ఎన్ని చేతులు మారి అక్కడికి వచ్చెను? మధ్యలోని చేతులలో నెరసిన వెండ్రుకలవారివి ఎన్ని?

"నేను వ్రాయలేదు, వచ్చినదానిని పంపితిని, అంతే" అని పెద్దలు అందురు. ఈ వాదమును న్యాయముగా విచారింతము. ఊరిలో డప్పు కొట్టి చాటింపు వేయువాడును ఇతరుల మాటనే చెప్పును. నిజమే. అయితే వినువారందరికి అది పంచాయతీవారి మాట యని తెలియును, వాని మాట యని ఎవరును అనుకొనరు. ఫోనులో అట్లు కాదు. అది ఎవరు వ్రాసిరో తెలియదు, పంపిన పెద్దాయన పేరు మాత్రము పైన కనబడును. కోడలు ఆ వార్తను చదువుట లేదు, మామగారి పేరును చదువుచున్నది. నలువది యేండ్లు అబద్ధమాడని మనుష్యుని మంచిపేరును, ఊరు పేరు లేని వాడెవడో అప్పుగా తీసికొని వాడుకొనుచున్నాడు. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఒక కట్టడ ఉన్నది. మరణశిక్ష విధింపబడినవానిమీద మొట్టమొదట సాక్షుల చేతులే పడవలెను. ఎందుకనగా చెప్పిన మాట బరువు చెప్పినవాని చేతికే తెలియవలెను. ముర్కి గ్రామమునకు మాట పంపినవారిలో ఎందరి చేతులకు ఆ బరువు తెలిసినది?

దీనికంటె బలమైన వాదము మరియొకటి కలదు. "ఒకవేళ నిజమైతే? నేను హెచ్చరింపనందున ఎవరికైనను కీడు కలిగితే?" దైవభక్తిగల పెద్దలు ఈ మాట కపటముతో అనుట లేదు. యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివాడు బాకా ఊదనియెడల ప్రాణములకు వాడే ఉత్తరవాది అని వారు మాకు చూపించిరి. మేమును ఆ అధ్యాయమునే చూపుచున్నాము. కావలివాడు గోడమీద నిలిచినవాడు. ఖడ్గము వచ్చుట తన కన్నులతో చూచి ఊదినవాడు. వేరొక పట్టణపు బాకా మ్రోగినదని వినినవాడు తన పట్టణములో ఊదవలెనని అక్కడ లేదు. మన పెద్దలు గోడ ఎక్కి చూడగల సంగతులు అనేకములున్నవి. ఊరి రేషను దుకాణములో తూకము, ఉపాధిపని కూలి, బడికి రాని ఉపాధ్యాయుడు, నిండిన మురుగుకాలువ. వీటిని గూర్చి బాకా ఊదువారు తక్కువయ్యిరి. ఢిల్లీని గూర్చి ఊదువారు ఎక్కువయ్యిరి. ఇది మాకు బాధగా నున్నది.

ఇప్పుడు పిల్లలతో ఒక మాట. తండ్రి చేతిలోని ఫోను లాగుకొనుట, ఆయనకు తెలియకుండ గ్రూపులు తీసివేయుట, మనుమల యెదుట "తాతకు ఏమియు తెలియదు" అని నవ్వుట, ఇవి సన్మానింపుమను ఆజ్ఞకు విరోధమైనవి. పౌరుడుగా ఆయన హక్కు మీ హక్కుకంటె చిన్నది కాదు. 2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికలలో ఎనుబది యేండ్లు దాటినవారికిని, 2024లో లోక్‌సభ ఎన్నికలలో ఎనుబది యైదు దాటినవారికిని ఇంటియొద్దనే ఓటు వేయు వీలు ఎన్నికల సంఘమువారు ఇచ్చిరి. అధికారులు పెట్టె పట్టుకొని ముసలివాని మంచమునొద్దకు వచ్చిరి. 2024 మే 13న సికింద్రాబాదు కంటోన్మెంటువారు లోక్‌సభకును, శాసనసభ ఉపఎన్నికకును ఒకేదినమున రెండు ఓట్లు వేసిరి. అక్కడ ఇంటియొద్ద ఓటు వేసిన ఒక పెద్దామె మాతో చెప్పినదేమనగా, కొడుకు, కూతురు ఇద్దరును ముందుగా వచ్చి ఎవరికి వేయవలెనో వేరువేరుగా చెప్పిరట. "ఇద్దరికిని సరే అంటిని. వచ్చిన ఆఫీసరు మాత్రము, అమ్మా, మీ యిష్టము అనెను" అని ఆమె నవ్వెను.

మరి ఉపాయమేమి? ఉపదేశముచేత వెంటనే మారుదురని అనుకొనరాదు. 2019 లోక్‌సభ ఎన్నికల కాలమున బీహారులో సుమిత్ర బద్రీనాథన్ అను పరిశోధకురాలు ఇంటింటికి మనుష్యులను పంపి, గంటసేపు, అబద్ధపు వార్తను గుర్తించుట ఎట్లో నేర్పించెను. మొత్తముమీద ఫలితము కనబడలేదు. తమ పార్టీకి అనుకూలమైన అబద్ధము విషయములో కొందరు మునుపటికంటె గట్టిపడిరి. తెలియనివాడు వచ్చి గంటసేపు బోధించిన ఇంతే. తరువాత అదే రాష్ట్రములో గ్రామ గ్రంథాలయములలో పదమూడు వేలకు పైగా బడిపిల్లలకు కొన్ని వారములపాటు నాలుగు తరగతులు జరిపినప్పుడు పిల్లలు బాగుగా నేర్చుకొనిరి. వారి తల్లిదండ్రులకును కొంత మేలు కలిగెను. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణియైన రెమా రాజేశ్వరిగారు చేసినదియు ఇట్టిదే. ఎండకాలములో ఆరుబయట పండుకొను జనులు తలుపులు బిగించుకొనుటను ఒక పోలీసువాడు గమనించెను. ఆమె గ్రామమునకు ఒక పోలీసువానిని నియమించి, పాటగాండ్రను, డప్పులను పంపి, నాలుగు వందలకు పైగా గ్రామములలో మరల మరల చెప్పించెను. ఆ గ్రామములలో ఆ వదంతివలన ఒక ప్రాణమైనను పోలేదు. ఎరిగిన ముఖము, ఎరిగిన భాష, పలుమార్లు రావడము. ఈ మూడును మన సంఘములకు లేనివా? బైబిలు పటము తెరచి ఒలిసబాంగు వెదకు మనుమడు మన ఇంటిలోనే ఉన్నాడు గదా.

యెహోషువ 22వ అధ్యాయమును మేము ఈ మధ్య సంఘ పెద్దలతో కలిసి రెండు బుధవారములు చదివితిమి. యొర్దానునొద్ద రూబేనీయులును, గాదీయులును, మనష్షే అర్ధగోత్రపువారును పెద్ద బలిపీఠము కట్టిరను వార్త రాగా, ఇశ్రాయేలీయులు యుద్ధమునకు షిలోహులో కూడిరి. కాని బయలుదేరకముందు ఫీనెహాసును, పదిమంది పెద్దలను పంపి, మీరు చేసినదేమని అడిగించిరి. బలులకొరకు కాదు, మన సంతతివారికి సాక్షిగా ఉండుటకని వారు చెప్పిరి. ఆ పదునొకండుగురు తిరిగి వచ్చి చెప్పగా యుద్ధపు మాట మానిరి. "అప్పట్లో ఫోను లేదు, అందుకే పదిమంది నడువవలసివచ్చెను. మనకు ఉన్నది, ఒకరు చాలును" అని మా పెద్దలలో ఒకాయన అనెను.

ఆ తరువాత నెల తిరుగకముందే, మా మండలములో ఒక పల్లె మందిరమును ఎవరో కూల్చివేసిరను వార్త, పైకప్పు లేని మందిరపు ఫొటోతోకూడ మా గ్రూపునకు వచ్చెను. ఎవరు చేసిరో, ఏ పార్టీవారో కూడ దానిలో వ్రాసియుండెను. ఆ పెద్దాయన దానిని ఎవరికిని పంపక, ఆ పల్లెలో తన వియ్యంకునికి ఫోను చేసెను. మొన్నటి గాలివానకు రేకులు లేచిపోయి చెరువుగట్టున పడినవనియు, ఎనిమిదింటిలో మూడు వంగిపోయినవనియు, గోడలకు ఏమియు కాలేదనియు ఆయన చెప్పెను. ఆ మూడు రేకుల ధరకు మా సంఘమువారు ఆదివారపు కానుకలో ప్రత్యేకముగా ఇచ్చిరి. రేకులను ఎక్కించుటకు నిచ్చెన ఇచ్చినవాడు ఆ ఊరి గుడి పూజారి తమ్ముడట.